ముందు బరువు

బుల్లయ్య రెండు చూపుడువేళ్లూ రెక్కల కింద ఆనించి తను చేసిన బొమ్మ విమానాన్ని మెల్లగా పైకెత్తాడు. ముక్కు కిందికి వాలింది. వాలుతుందని తెలిసే ఎత్తాడు. వారం రోజులుగా పొద్దున్నే వర్క్‌షాపు తలుపు తియ్యగానే చేసే మొదటి పని ఇదే. ఎత్తినప్పుడల్లా కడుపు మండటమూ మామూలే.

రెక్క అడుగున అతను పెన్సిల్‌తో గీసుకున్న సన్నటి గీత ఉంది. రెక్క ముందు అంచు నుంచి సరిగ్గా మూడంగుళాలు. మోటారు, బ్యాటరీ అన్నీ బిగించాక ఆ గీత దగ్గర వేళ్లు పెట్టి ఎత్తితే, విమానం అటూ ఇటూ మొగ్గకుండా నిలబడాలి. అట్లా నిలబడేలాగే చేశాడు కూడా. తొమ్మిదంగుళాల వెడల్పు రెక్కకి మూడో వంతు దగ్గర బరువు కుదిరితే, గాలిలో అది వేలి కదలికకు మాట వింటుంది. కానీ ముక్కులో, మోటారు వెనక, ఆరు సీసపు గుండ్లు టేపుతో అంటించి ఉన్నాయి. చేపల వలలకు కట్టే గుండ్లు. వాటిని వేటపాలెం నుంచి తెచ్చింది మీరా హుస్సేన్. "ముందు బరువు ఇంకాస్త పెట్టు బావా" అని బతిమాలి మరీ పెట్టించాడు.

బుల్లయ్య దృష్టిలో అది తన పనికి వంక పెట్టడమే. ముందు బరువెక్కిన విమానం మొద్దుబారిపోతుంది. పైకి లాగితే బద్ధకంగా లేస్తుంది, తిప్పితే విసుక్కుంటూ తిరుగుతుంది, దిగేటప్పుడు గబగబా నేలకి వచ్చేస్తుంది. చేతకానివాడికి అది భద్రం. హుస్సేన్‌కి ఎగరేయడంలో పదకొండేళ్ల అలవాటుంది, మరి అతనికెందుకు?

పెదకాకాని దాటాక హైవే పక్కన ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో బుల్లయ్య వడ్రంగం వర్క్‌షాపు అటెండరు. ముప్పై ఒక్కేళ్లుగా మొదటి సంవత్సరం పిల్లలకి రంపం ఎట్లా పట్టుకోవాలో చూపిస్తున్నాడు. పొట్టి మనిషి. ఎడమ బొటనవేలి గోరు ఉలి దెబ్బకి రెండుగా చీలి, అట్లాగే పెరిగింది. చెవుల మీది వెంట్రుకల్లో ఎప్పుడూ పొట్టు ఉంటుంది. ప్రహరీ అవతల పత్తి చేను, దాని పక్కన మిరపకాయలు ఎండబోసిన కళ్లం. గాలి ఇటు తిరిగితే వర్క్‌షాపంతా తుమ్ములు. బుల్లయ్య మాత్రం తుమ్మడు. ఆ ఘాటులోనే పుట్టి పెరిగాడు.

బరువు సంగతి అతనికి ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. తండ్రి యలమంద ఒంగోలు అవతల పల్లెలో బండ్లు చేసేవాడు. మిర్చి నింపిన టిక్కీ బస్తాలు బండికెత్తేటప్పుడు ఆయన ఇరుసు దగ్గర నిలబడి ఒక్కో టిక్కీని ముందుకో వెనక్కో జరిపించేవాడు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేచి, మెడతాడు ఎద్దుల గొంతుకు బిగుస్తుంది. మరీ ముందుకి పడితే ఎద్దుల మెడలు పుండ్లవుతాయి. బండికి ఇరుసు ఎట్లాగో విమానానికి ఆ పెన్సిల్ గీత అట్లాగని బుల్లయ్య మొదటి విమానం చేసినప్పుడే పట్టేశాడు. ఇంజనీరింగ్ చదివిన లెక్చరర్లు నోరెళ్లబెట్టారు. అతని జీవితంలో నలుగురు నోరెళ్లబెట్టింది ఆ ఒక్కసారే.

ఆ సంతోషం మూడు రోజులుంది. నాలుగో రోజు విమానం ఎగరేసే రిమోట్ తనే పట్టుకున్నాడు. వెళ్లేటప్పుడు బాగానే వెళ్లింది. వెనక్కి తిరిగి తన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. అర నిమిషంలో పోయి నీళ్ల ట్యాంకుని గుద్దుకుంది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులో రిమోట్ చేతులు మారింది. ఎలక్ట్రికల్ ల్యాబులో టెక్నీషియన్ అయిన హుస్సేన్ వారంలో నేర్చేసుకున్నాడు. అప్పట్నించి చేసేది బుల్లయ్య, ఎగరేసేది హుస్సేన్.

జనం చూసేది ఎగిరేదాన్ని, ఎగరేసేవాణ్ణి. తేలికపాటి బాల్సా చెక్కని బ్లేడుతో గీరి గీరి అగ్గిపుల్లంత సన్నం చేసినవాణ్ణి ఎవరు చూస్తారు? తోక మీద గుర్తుగా చిన్న ఎర్ర మిరపకాయ బొమ్మ వేస్తాడు బుల్లయ్య. అది కూడా హుస్సేన్ ముచ్చటేననుకుంటారు. ఒకసారి పేపర్లో ఫోటో పడింది. ఆరడుగుల హుస్సేన్, చేతిలో విమానం, పక్కన ఒక మోచెయ్యి. ఆ మోచెయ్యి బుల్లయ్యది. భార్య రాజ్యం ఆ ముక్క కత్తిరించి టీవీ పక్కన అంటించింది. అంటించినందుకు అతను రెండు రోజులు మాట్లాడలేదు. పిల్లలు హుస్సేన్‌ని సార్ అంటారు. బుల్లయ్యని అంకుల్ అంటారు. ఇద్దరి జీతమూ ఇంచుమించు ఒకటే.

ఇంకొక సంగతి ఎవరికీ తెలియదు. తెలియదనే అతని నమ్మకం. మూల అల్మారాలో గరుకు కాగితాల కట్ట వెనక ఒక చెక్క పెట్టె ఉంది. రిమోట్ ఎంత ఉంటుందో అంతే, పైన రెండు పుల్లలు, అడుగున స్ప్రింగులు. తనే చేసుకున్నాడు. సాయంత్రం అందరూ వెళ్లాక తలుపు దగ్గరికేసి, దాన్ని పొట్టకి ఆనించుకుని, కళ్లు మూసుకుని ఎగరేస్తాడు. వెళ్లేటప్పుడు కుడి కుడి, వచ్చేటప్పుడు కుడి ఎడమ. పదేళ్లుగా ఆ చెక్క పెట్టెతో ఒక్క విమానం కూడా కూలలేదు.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి కాలేజీ పండగలో విమానం ఎగరాలి. పొద్దున క్యారేజీ కడుతూ రాజ్యం అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"ఇయ్యాల హుస్సేనన్నయ్య ఆడిస్తాడంటగా. మా చెల్లెలు పిల్లలు కూడా వస్తారంట చూట్టానికి."

"చేసింది నేను."

"నువ్వు చేసేది రోజూ చూసేదేగా" అని మూత బిగించింది.

బుల్లయ్య విమానాన్ని బల్ల మీద బోర్లించి, ముక్కు అడుగున మూత తీశాడు. సన్న ఉలి మొనతో టేపు అంచు లేపి, గుండ్లు ఒక్కొక్కటీ ఊడదీశాడు. ఆరూ అరచేతిలో చల్లగా కూర్చున్నాయి. చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్లీ వేళ్ల మీద ఎత్తాడు. విమానం గీత మీద కదలకుండా నిలబడింది. విమానమంటే ఇట్లా ఉండాలి. ఇది గాలిలో ఎంత చురుగ్గా తిరుగుతుందో జనం చూడాలి, హుస్సేన్ తడబడితే అదీ చూడాలి. రెండోది పైకి అనుకోలేదు గానీ, మొదటిదాని కంటే అదే ఎక్కువ తియ్యగా ఉంది.

మధ్యాహ్నం హుస్సేన్ తన క్యారేజీ పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ ఈ బల్ల దగ్గరే తింటారు. పొడుగు మనిషి, నెరిసిన గడ్డం కుదురుగా కత్తిరించుకుంటాడు, చొక్కా మడత నలగదు. ఈ మధ్య స్పూనుతో తింటున్నాడు. టీ అర గ్లాసే పోయించుకుంటున్నాడు. రిమోట్ పుల్ల చివర సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టించుకున్నాడు. పేరు పెరిగితే సోకులూ పెరుగుతాయని బుల్లయ్య లోలోపల నవ్వుకున్నాడు.

"ముందు బరువు అట్టాగే ఉందిగా?" అన్నాడు హుస్సేన్.

"ఉంది."

"ఇయ్యాల గాలి కాస్త ఎక్కువుండేట్టుంది."

"అనుమానమైతే ఎత్తి చూసుకో."

"నువ్వు చూశాక నేను చూసేదేముంది" అంటూ హుస్సేన్ దోసకాయ పప్పు ఇటు జరిపాడు. బుల్లయ్య వేసుకున్నాడు.

మూడున్నరకి గ్రౌండు నిండింది. షామియానా కింద కుర్చీలు, మైకులో పాటలు, ఎండలో ఐస్‌క్రీం బండి. రాజ్యం చెల్లెలి పిల్లల్ని వెంటేసుకుని ముందు వరసలోనే కూర్చుంది. బుల్లయ్య విమానాన్ని రెండు చేతుల మీద మోసుకొచ్చి గ్రౌండు మధ్య సున్నపు గీతల దగ్గర దించాడు. హుస్సేన్ అప్పటికే రిమోట్ మెడలో వేసుకున్నాడు. దాని బెల్టు ఎప్పటికన్నా పొట్టిగా ఉంది. పెట్టె నడుము దగ్గరుండాల్సింది రొమ్ము మీదికి ఎక్కి పతకంలాగా కూర్చుంది. ఫోటోలో బాగా పడాలని పైకి కట్టుకున్నాడనుకున్నాడు బుల్లయ్య.

విద్యార్థుల క్లబ్బుకి సెక్రటరీ శ్రీరమ్య, చివరి సంవత్సరం అమ్మాయి, పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అంకుల్, కొత్త బ్యాటరీ వచ్చింది. పాతది ఉబ్బింది కదా, ఇది పెడదాం."

నీలం రంగు బ్యాటరీ. పాతదాంట్లో సగమే ఉంది. చేతిలోకి తీసుకోకుండానే బుల్లయ్యకు దాని బరువు తెలిసిపోయింది. బ్యాటరీ ఉండేది ముక్కులో. పాతదాని బరువుతోనే గీత కుదిర్చాడు. ఇది పెడితే, గుండ్లు కూడా లేకపోతే, బరువు అంగుళం పైగా వెనక్కి పోతుంది. అట్లాంటిది చురుగ్గా తిరగదు, అసలు మాటే వినదు. ఇందాకటి దాకా ఇది హుస్సేన్‌కి చిన్న పరీక్ష. ఇప్పుడు విమానం ప్రాణానికే వచ్చింది.

జేబులో గుండ్లున్నాయి. మూత తీసి రెండు నిమిషాల్లో అంటించొచ్చు. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు.

శ్రీరమ్య బ్యాటరీ పెట్టి మూత వేసింది. మైకులో ఎవరో అన్నారు: "ఇప్పుడు మన మీరా హుస్సేన్ సార్ విమానం." చప్పట్లు కొట్టారు. రాజ్యం కూడా కొట్టింది. బుల్లయ్య నోరు మూసుకున్నాడు. తన కన్నబిడ్డలాంటి విమానం ముక్కలైనా ఫరవాలేదు, ఆ చప్పట్లు ఒక్కసారి ఆగిపోవాలి. అంత కుళ్లు తనలో ఉందని అతనికే తెలియదు. తెలిశాక కూడా నోరు పెగల్లేదు.

విమానం పరుగెత్తి లేచింది. లేవడం లేవడమే ముక్కు ఆకాశానికి ఎత్తింది. హుస్సేన్ కిందికి నొక్కాడు. నొక్కినదానికి మూడింతలు కిందికి దూకింది. మళ్లీ లాగాడు, మళ్లీ లేచింది. కెరటం మీద పడవ లేచి పడినట్టు లేస్తూ పడుతూ గ్రౌండు దాటింది. జనం అది విన్యాసమనుకున్నారు. ఈలలు వేశారు. చప్పట్లు ఆగకపోగా రెట్టింపయ్యాయి. బుల్లయ్యకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు హుస్సేన్ చేతుల వంక చూశాడు.

కుడి బొటనవేలు పుల్ల మీద వణుకుతోంది. భయంతో వణికే వణుకు కాదు. ఆగకుండా, ఒకే తీరుగా, పంకా రెక్కకి తగిలిన కాగితంలాగా కొట్టుకుంటోంది. రబ్బరు చుట్టిన పుల్లని జారిపోకుండా అదిమి పట్టుకున్నాడు. అతని వణుకంతా అక్కడ పైన విమానంలో కనిపిస్తోంది.

"బుల్లయ్యా" అన్నాడు హుస్సేన్, కళ్లు ఆకాశం నుంచి తిప్పకుండా. గొంతు మామూలుగానే ఉంది. "ముందు బరువు లేదు."

బుల్లయ్య చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది.

"స్పీడు తగ్గిస్తే కూలుద్ది. నా చెయ్యి నిలవట్లేదు. పట్టుకో."

బుల్లయ్య పక్కకు చేరి, చీలిన గోరున్న తన బొటనవేలు హుస్సేన్ వేలి మీద ఆనించాడు. వణుకు తన మోచేతి దాకా పాకింది. గట్టిగా అదిమాడు. పైన విమానం కాస్త కుదురుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని వెనక్కి తిప్పారు. ఇప్పుడది తమ వైపే వస్తోంది. కుడి ఎడమ, ఎడమ కుడి. బుల్లయ్య వేలు ఆలోచించకుండానే సరైన వైపుకి కదిలింది.

"నేల మీద దించలేం. పత్తిలోకి పంపిద్దాం" అన్నాడు హుస్సేన్.

ప్రహరీ మీంచి జానెడు ఎత్తులో దాటి, విమానం పత్తి చేలో మెత్తగా పడిపోయింది. ఓ అని అరిచి జనం నవ్వారు. మైకులో మళ్లీ పాట వేశారు. రాజ్యం పిల్లల్ని ఐస్‌క్రీం బండి దగ్గరికి తీసుకెళ్లింది.

ఇద్దరూ వెనక గేటు తీసుకుని చేలోకి వెళ్లారు. ఒక రెక్క విరిగింది. తోక మీద మిరపకాయ బాగానే ఉంది. హుస్సేన్ గట్టు మీద కూలబడి, ముక్కు మూత తీసి లోపలికి చూశాడు. టేపు ఊడదీసిన చోటు శుభ్రంగా ఉంది.

"నేనే తీశాను" అన్నాడు బుల్లయ్య. "బ్యాటరీ తేలికని కూడా చూశాను. చెప్పలేదు."

"నువ్వేనని తెలుసు. నువ్వు అంటించింది దానంతటది ఊడదుగా."

తిట్టి ఉంటే బాగుండేది. బుల్లయ్య విరిగిన రెక్క అంచులో ఇరుక్కున్న పత్తి పీకుతూ కూర్చున్నాడు.

"ఏడాదిన్నరైంది చెయ్యి వణకబట్టి" అన్నాడు హుస్సేన్. "గుంటూర్లో పెద్ద డాక్టరుకి చూపించా. తగ్గేది కాదంట. బరువు ముందుంటే విమానం నా వణుకుని లెక్కచెయ్యదు. అందుకని పెట్టమన్నా. నీ పనిలో తప్పుండి కాదు."

"నాతో చెప్పొచ్చుగా హుస్సేనూ."

"చెప్తే జాలిపడతావు. నువ్వు కుళ్లుకుంటా ఉంటే నాకు బాగుండేది బావా. వీడింకా కుళ్లుకుంటన్నాడంటే నేనింకా బాగానే ఉన్నానని."

బుల్లయ్యకు కళ్ల ముందు చేను మసకబారింది. జేబులోంచి గుండ్లు తీసి చాపిన చేతిలో పట్టుకున్నాడు. హుస్సేన్ వాటిని తీసుకోలేదు. అతనే బుల్లయ్య వేళ్లు మూసి, ఆ పిడికిలి మీద ఒక్క క్షణం తన చెయ్యి ఉంచాడు. వణుకు సీసాన్ని కూడా కదిలించింది.

"రేపట్నించి నేను రాను. మా అమ్మాయి అర్ఫా వేటపాలెం వచ్చెయ్యమంటంది. ప్రిన్సిపాల్ గారికి పోయిన నెల్లోనే చెప్పా, సన్మానాలూ అవీ వద్దని కూడా చెప్పా. ఇయ్యాల చివరిసారి ఎగరేద్దామనుకున్నా, అంతే." లేచి ప్యాంటుకి అంటిన మట్టి దులుపుకున్నాడు. "రిమోట్ నీ అల్మారాలో పెట్టేసి పోతా. చిన్న ముక్క కూడా వదలకుండా ఏరుకుని రా."

గట్టు వెంట అతను మెల్లగా నడిచి వెళ్లాడు. ఆరడుగుల మనిషి, చేతులు రెండూ జేబుల్లో. ఈ నడక కూడా కొత్త స్టైలే అనుకునేవాడు బుల్లయ్య నిన్నటి దాకా. పిలవాలనిపించింది. వంగి ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ముక్కు పంకా దొరికింది, చక్రం దొరికింది, ఒక సన్న పుల్ల కోసం పది మొక్కలు వెతికాడు.

వర్క్‌షాపుకి వచ్చేసరికి షామియానా విప్పుతున్నారు. ఎలక్ట్రికల్ ల్యాబుకి తాళం వేసి ఉంది. హుస్సేన్ గారు బస్సెక్కేశారని వాచ్‌మన్ చెప్పాడు.

బుల్లయ్య ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, అల్మారా తెరిచాడు. గరుకు కాగితాల కట్ట పక్కకి జరిపి ఉంది. దాని వెనక దాచిన చెక్క పెట్టె ముందుకొచ్చి కూర్చుంది. దాని పక్కనే, అంతే ఎత్తులో, అసలు రిమోట్.

చెక్క పెట్టెని ఒకసారి వేలితో తాకాడు. తర్వాత చేతులు చొక్కాకి తుడుచుకుని, రిమోట్ తీసి, బెల్టు మెడలో వేసుకున్నాడు. పొడుగు మనిషి రొమ్ము మీద పతకంలాగా ఎక్కి కూర్చున్న పెట్టె, తన పొట్ట దగ్గర చక్కగా ఆనింది. మోచేతులు వంచితే బొటనవేళ్లు నేరుగా పుల్లల మీదికి వచ్చాయి. బెల్టు వెనక్కి తిప్పి చూసుకున్నాడు. పాత చిల్లులు నాలుగూ పైన ఉన్నాయి, పదకొండేళ్ల వాడకానికి సాగి, చుట్టూ నూలు పీచులు లేచి ఉన్నాయి. వాటికి జానెడు కింద, బెల్టు పొట్టి అయ్యేట్టు, ఎవరో మేకు కాల్చి కొత్త చిల్లు పొడిచారు. చెయ్యి నిలవనివాడు పొడిచినట్టు అది వంకరగా ఉంది, అంచున నల్లగా కాలిన గుడ్డ వాసన ఇంకా పోలేదు.